గాజువాక వయా కొత్తవలస

ఆ రోజు పొద్దున్న ప్రయాణం ప్లాను వేసింది కిషోర్‌బాబు. కిషోర్‌బాబు వేశాడు కాబట్టే అది వెంకటరత్నానికి నచ్చలేదు.

విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక లాడ్జి. ముందురోజు సాయంత్రమే మగపెళ్ళివారంతా వచ్చి అందులో దిగారు. పెళ్ళికొడుకు సతీష్‌బాబుది వత్సవాయి. పెళ్ళికూతురు వాళ్ళది గాజువాక. తండ్రి పైడిరాజు పోర్టులో పనిచేస్తాడు. ఆ రోజు గాజువాకలోనే ఒక కల్యాణ మండపంలో నిశ్చితార్థం. సతీష్‌బాబుకి తండ్రి లేడు. తల్లి ఆదెమ్మ, ఇద్దరక్కలు, ఇద్దరు బావలు. పెద్దక్క నాగశ్రీ మొగుడు వెంకటరత్నానికి జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు ఉంది. చిన్నక్క గీతాంజలి మొగుడు కిషోర్‌బాబుకి నందిగామలో సెల్‌ఫోన్ల షాపు ఉంది.

వెంకటరత్నం చెడ్డవాడు కాదు. కొట్టుకొచ్చిన రైతుకి ముందు మంచినీళ్ళిచ్చి, తర్వాతే పురుగుమందు పేరు చెప్పేవాడు. ఎవరు బాగుపడ్డా మనస్ఫూర్తిగా సంతోషించేవాడు, ఆ బాగుపడ్డవాడు తన తోడల్లుడు కానంతవరకు. నందిగామలో కిషోర్‌బాబు మేడ మీద మేడ వేస్తే పేటలో వెంకటరత్నానికి అన్నం సయించలేదు. కిషోర్‌బాబు తెల్ల కారు కొన్న వారం, నడక గుండెకి మంచిదని చెప్పి వెంకటరత్నం కొట్టుకి నడిచే వెళ్ళాడు. ఆఖరికి బస్సుల దగ్గర కూడా అదే ఏడుపు. హైదరాబాదు నుంచి వచ్చే బస్సులు కొన్ని పేట ఊళ్ళోకి రాకుండా చిల్లకల్లు దగ్గరే జనాన్ని దింపేసి చక్కా పోతాయి. "అదే నందిగామ అయితే ఇలా చేస్తారా!" అని వెంకటరత్నం పళ్ళు కొరికేవాడు, డ్రైవర్లకి కిషోర్‌బాబే ఫోను చేసి చెప్పినట్టు.

లాడ్జి వరండాలో నిలబడి కిషోర్‌బాబు అందరికీ వినబడేలా చెప్పాడు.

"అత్తయ్యగారూ, మీరూ సతీషూ గీతా నా కార్లో. మిగతావాళ్ళంతా వ్యాన్‌లో. బాషా, నువ్వు నా కారు వెనకే రావాలి. అటూ ఇటూ చూడకు. నా బండి వెనక లైట్లు చూసుకుంటూ వచ్చెయ్."

నాగూర్ బాషా నందిగామ నుంచి వ్యాను తోలుకొచ్చిన డ్రైవరు. "ఎందుకైనా మంచిది, ఫోన్లో మ్యాపు పెట్టుకోనాండీ?" అన్నాడు.

"నేనుండగా మ్యాపెందుకయ్యా! రెండేళ్ళు చదువుకున్నా ఇక్కడ. విశాఖపట్నం నాకు కొట్టినపిండి."

పిన్నులూ బాబాయిలూ మెచ్చుకోలుగా తలలూపారు. అది కూడా వెంకటరత్నం భరించాడు. తర్వాతి మాటే భరించలేకపోయాడు.

"అన్నయ్యా, మీరు వ్యాన్‌లో కూర్చుని పండ్ల బుట్టలు దొర్లిపోకుండా చూడండి."

ఇంటికి పెద్దల్లుడు. పెళ్ళికొడుక్కి పెద్దబావ. బత్తాయిలకి కాపలా! వెంకటరత్నం చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాడు గానీ, అతనికంటే ముందు ఆదెమ్మ అంది.

"నాకు కారొద్దు నాయనా. తలుపులన్నీ బిగించి ఆ చల్లగాలి పెడితే కడుపులో తిప్పుద్ది. శుభమా అని వెళ్తా వాంతులెందుకు? బస్సులో వస్తా."

ఆడవాళ్ళకి బస్సుల్లో టికెట్టు తీసేసినప్పటి నుంచి ఆదెమ్మ కాలు ఇంట్లో నిలవడం లేదు. ఇవాళ పేటలో పెద్దకూతురింట్లో ఉంటే రేపు నందిగామలో చిన్నకూతురింట్లో ఉంటుంది. మధ్యలో మైలవరంలో చెల్లెలు, జి.కొండూరులో చిన్ననాటి స్నేహితురాలు. ఆధార్ కార్డుకి రంధ్రం పెట్టించి, దారం కట్టి, మెళ్ళో గొలుసు పక్కన వేసుకుంది. విశాఖపట్నం వచ్చి సిటీ బస్సు ఎక్కకుండా పోవడమనేది ఆవిడ దృష్టిలో తీర్థానికెళ్ళి దేవుణ్ణి చూడకుండా రావడం లాంటిది.

"పట్టుచీర కట్టుకుని సిటీ బస్సేంటే అమ్మా?" అంది నాగశ్రీ.

"పట్టుచీర వాళ్ళని ఎక్కించుకోరంటనా?"

కిషోర్‌బాబు నచ్చజెప్పబోయాడు. అంతలో వెంకటరత్నం అడుగు ముందుకేశాడు. దేవుడు తన కోసమే అత్తగారి కడుపులో తిప్పించాడనిపించింది.

"అత్తయ్యగారిని నేను తీసుకొస్తా. మీరు పదండి."

"మీకిక్కడ బస్సులు తెలుసా అన్నయ్యా?"

"బస్సేగా. పేటలో ఎక్కినా విశాఖపట్నంలో ఎక్కినా మెట్లెక్కి కూర్చోటమే. రెండేళ్ళు చదవాలా ఏంటి దానికి?"

వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. కిషోర్‌బాబు మొహం చిన్నబోయింది. అది చూడగానే వెంకటరత్నానికి కాఫీ తాగినంత హాయిగా ఉంది. నిశ్చితార్థం ఉంగరాలు రెండూ ఉన్న చేతిసంచి చంకలో పెట్టుకుని ఆదెమ్మ ముందు నడిచింది. ఆవిడ ఫోను మాత్రం గీతాంజలి హ్యాండ్‌బ్యాగులో ఛార్జింగ్ ఎక్కుతూ ఉండిపోయింది. ఆ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తులేదు.

*

కాంప్లెక్స్ ముందు రోడ్డంతా జనం. కాలేజీ పిల్లలు, యూనిఫారాల్లో ఫ్యాక్టరీ వాళ్ళు, ఖాళీ చేపల గంపలు బోర్లించుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. ఒక బస్సు పోకముందే ఇంకో బస్సు వచ్చి మీద పడుతోంది. ప్రతి బస్సుకీ ఒక నంబరు, నంబరు పక్కన ఒక అక్షరం. పేటలో అయితే బస్సు దూరం నుంచి వస్తుండగానే డ్రైవరు మీసం చూసి ఏ ఊరు బస్సో చెప్పగలడు వెంకటరత్నం. ఇక్కడ మీసాలన్నీ కొత్తవి.

"ఎవర్నైనా అడుగుదాం అల్లుడుగారూ," అంది ఆదెమ్మ.

"అడగటమెందుకత్తయ్యా? నాకు తెలుసు." కిషోర్‌బాబు అయితే ఎవర్నైనా అడుగుతాడా? అడగడు. కాబట్టి తనూ అడగకూడదు. అయితే తెలుసుకోవడం మాత్రం అవసరం. "అగ్గిపెట్టె కొనుక్కొస్తా, ఇక్కడే ఉండండి," అని టీ బడ్డీ దగ్గరికి పోయాడు.

పుట్టిన తర్వాత సిగరెట్టు ముట్టని అల్లుడికి అగ్గిపెట్టె ఎందుకో ఆదెమ్మకి అర్థం కాలేదు. అల్లుడు కాబట్టి ఊరుకుంది.

"గాజువాకా?" అన్నాడు టీ బడ్డీ అతను, పాలు ఎత్తి పోస్తూ. "కొత్తరోడ్డు మీంచి ఎల్లే బస్సు ఎక్కీయండి బాబూ. ఎక్కినాక కండక్టర్ని ఓపాలి అడగండి."

ఆ రెండో ముక్క వెంకటరత్నానికి అనవసరమనిపించింది. కొత్తరోడ్డు, కొత్తరోడ్డు అని జపం చేసుకుంటూ తిరిగి వచ్చాడు. సరిగ్గా అప్పుడే లాడ్జి సందులోంచి తెల్ల కారు ముక్కు బయటపెట్టింది. దాని వెనక వ్యాను. ఇంకా ఇక్కడే దిక్కులు చూస్తూ నిలబడ్డాడని కిషోర్‌బాబు చూస్తే ఇంకేమైనా ఉందా! కారు అద్దం దించి, "రండన్నయ్యా, ఎక్కండి," అంటాడు. అందరి ముందూ అంటాడు. జాలిగా కూడా అంటాడు.

వెంకటరత్నం గిరుక్కున రోడ్డు వైపు తిరిగాడు. ఎదురుగా ఒక బస్సు ఆగింది. బోర్డు మీద 'కొత్త' అని ఉంది. ఆ తర్వాత ఇంకా కొన్ని అక్షరాలున్నాయి గానీ అవి చదివే తీరిక లేకపోయింది.

"ఇదే అత్తయ్యా! ఎక్కండి, ఎక్కండి!"

ఆదెమ్మ ముందు తలుపులోంచి ఎక్కింది. వెంకటరత్నం వెనక తలుపులోంచి ఎక్కాడు, సరిగ్గా చెప్పాలంటే వెనక జనం అతన్ని ఎక్కించారు. అలా ఎక్కించి, తోసి, బస్సు చిట్టచివరి అద్దానికి ఆనించి వదిలారు. అత్తగారికి ముందు సీట్లో ఎవరో చోటిచ్చినట్టు తలల సందుల్లోంచి కనిపించింది. సరే, ఆవిడ క్షేమం. వెంకటరత్నం ఊపిరి పీల్చుకుని వెనక అద్దంలోంచి బయటికి చూశాడు.

తెల్ల కారు బస్సు వెనకే వస్తోంది. కారు వెనక వ్యాను.

మొదట అది మామూలే అనుకున్నాడు. అందరూ పోవాల్సింది గాజువాకేగా. కానీ బస్సు స్టాపులో ఆగినప్పుడు కారు దాటిపోలేదు. కొంచెం వెనగ్గా పక్కకి తీసి ఆగింది. బస్సు కదిలితే కదిలింది. రెండు స్టాపులు చూసేసరికి వెంకటరత్నానికి ఒళ్ళు పులకరించింది. తోడల్లుడు వచ్చినప్పటి నుంచీ తను కిషోర్‌బాబు వెనక నడిచాడు. మొదటిసారిగా కిషోర్‌బాబు తన వెనక వస్తున్నాడు. అది గౌరవమైనా కావచ్చు, కుళ్ళైనా కావచ్చు. కుళ్ళైతే ఇంకా బాగుంటుందనిపించింది.

అలా వెనక్కి చూస్తూ మురిసిపోతుండగా బస్సు ఒక పెద్ద కూడలిలో ఆగింది. ముందు నుంచి "అల్లుడుగారూ!" అని కేక వినపడింది. తిరిగి చూస్తే జనం తలల మీదుగా ఆదెమ్మ చెయ్యి పైకి లేచి ఊగుతోంది. గాజులు కూడా గలగలమంటున్నాయి. పాపం, ఆవిడ కూడా కారు వెనక రావడం చూసినట్టుంది. వెంకటరత్నం నిండు మనసుతో తనూ చెయ్యెత్తి ఊపాడు. ఆవిడ తృప్తిగా తలూపింది. మధ్యలోకి ఇద్దరు లావుపాటి మనుషులు రావడంతో ఆ తర్వాత ఏం జరిగిందో అతనికి కనపడలేదు. బస్సు కుడివైపు తిరిగింది. కారూ తిరిగింది. వ్యానూ తిరిగింది.

*

కండక్టరు ముందు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఆడమనిషి ఆధార్ కార్డూ చూసి, సున్నా టికెట్లు కొట్టి ఇచ్చుకుంటూ వెనక్కి వచ్చేసరికి చాలాసేపు పట్టింది.

"ఎక్కడికండీ?"

"గాజువాక," అన్నాడు వెంకటరత్నం, కొంచెం దర్జాగానే.

కండక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. "గాజువాకేటి బాబూ! ఇది కొత్తవలస ఎల్లే బస్సు. గాజువాకయితే ఇందాక కొత్తరోడ్డులో దిగి అటేపు బస్సు మారాల. మనం ఇటు తిరిగిపోనాం. ఇదిగో, గోపాలపట్నం వచ్చేస్తంది. దిగి ఎనక్కెల్లిపోండి."

ఇంకొకడైతే వెంటనే, "అత్తయ్యా, దిగండి," అని కేకేసేవాడే. వెంకటరత్నమూ నోరు తెరిచాడు. తెరిచి, అలవాటు కొద్దీ వెనక అద్దంలోంచి చూశాడు. తెల్ల కారు. స్టీరింగు వెనక కిషోర్‌బాబు. వాడి పక్కన పెళ్ళికొడుకు. ఇప్పుడు దిగితే వాళ్ళ కళ్ళ ముందే తప్పు బస్సులోంచి దిగాలి. వ్యాన్‌లోంచి పిన్నులు దిగుతారు. నాగశ్రీ దిగుతుంది. 'అందుకే అన్నయ్యని బత్తాయిల దగ్గర కూర్చోమన్నా' అంటాడు వాడు. అనకపోయినా అన్నట్టు చూస్తాడు.

వద్దు. వాడు ముందుకి దాటిపోనీ. వాడు దాటగానే దిగి, ఆటో మాట్లాడుకుని, వాడికంటే ముందు గాజువాకలో ఉండొచ్చు.

"తర్వాత స్టేజీకి ఇవ్వండి," అన్నాడు.

గోపాలపట్నంలో బస్సు ఆగింది. కారు ఆగింది. అద్దంలోంచి కిషోర్‌బాబు బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఎంత ఎగతాళి! వీడికి అంతా తెలిసిపోయింది. ఎంతదాకా పోతానో చూసి నవ్వుకోడానికే వెంటపడ్డాడు. వెంకటరత్నం కూడా పళ్ళు బిగించి బొటనవేలు చూపించాడు. బస్సు కదిలింది.

"దిగలేదేటండీ?" అన్నాడు కండక్టరు.

"ఇంకో స్టేజీకి కొట్టండి."

కండక్టరు కొట్టి ఇచ్చాడు. వేపగుంటలో కూడా అంతే. ఈసారి కారు బస్సు పక్కకే వచ్చి నిలబడింది. కిషోర్‌బాబు అద్దం దించి తలెత్తాడు.

"అన్నయ్యా, ఇంకెంత దూరం?"

ఆ అడగడంలోని వెటకారం వెంకటరత్నానికి ముల్లులా గుచ్చుకుంది.

"నీకెందుకు? నువ్వు పో ముందు!"

"అబ్బే, మీరు పదండన్నయ్యా. మీ వెనకే మేము."

వదిలేట్టు లేడు. కొత్తవలస కాదు, కాశీకి పోయినా వెనకే వచ్చేట్టున్నాడు. వెంకటరత్నం ఇంకో టికెట్టు తీసుకున్నాడు. చేతిలో టికెట్లు పేక ముక్కల్లా పరుచుకున్నాయి. పక్కన కూర్చున్న ముసలాయన ఆ టికెట్లనీ అతన్నీ మార్చి మార్చి చూసి, "ఒకేపాలి తీసుకోవచ్చు గదా బాబూ," అన్నాడు. వెంకటరత్నం టికెట్లన్నీ జేబులో కుక్కుకున్నాడు. రోడ్డుకి రెండు వైపులా మేడలు పలచబడ్డాయి. దూరంగా కొండలు దగ్గరికొచ్చాయి. నిశ్చితార్థం ముహూర్తం కూడా దగ్గరికొస్తోంది. అతనికి ఇప్పుడు చెమట పట్టింది. కానీ దిగాలని లేచినప్పుడల్లా ఆ తెల్ల కారు బానెట్టు తళుక్కున మెరిసేది. మెరవగానే మళ్ళీ కూర్చునేవాడు.

పెందుర్తిలో సగం బస్సు ఖాళీ అయింది. ముందు దాకా దారి తీసినట్టు కనపడింది. డ్రైవరు వీపు కనపడింది. ఆడవాళ్ళ సీట్లన్నీ కనపడ్డాయి. వాటిలో ఆదెమ్మ లేదు.

వెంకటరత్నం రాడ్డు పట్టుకుని ముందుకి పరిగెత్తాడు. సీట్ల కిందికి కూడా వంగి చూశాడు, అంత మనిషి సీటు కింద పట్టదని తెలిసి కూడా.

"కండక్టరు గారూ! మా అత్తగారు! ఎర్ర పట్టుచీర, చేతిలో సంచి, మెళ్ళో ఆధార్ కార్డు..."

"ఓ, ఆవిడా! ఆవిడ ఎప్పుడో కొత్తరోడ్డులో దిగిపోనారండి. గాజువాక అన్నారు, ఇక్కడ దిగి మారమన్నాను. మిమ్మల్ని కూడా కేకేసినారు గదా. మీరు చక్కగా చెయ్యి ఊపినారు. నానూ చూసినాను."

"అది... నేను... ఆపండి! బస్సాపండి!"

*

పెందుర్తి దాటాక రోడ్డు పక్కన కొబ్బరి బోండాల బండి దగ్గర బస్సు ఆగింది. వెంకటరత్నాన్ని దింపి పోయింది. తెల్ల కారు వచ్చి ఆగింది. వ్యాను వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకుని పట్టుబట్టల వాళ్ళంతా బిలబిలమంటూ దిగారు. అంత బేరం చూసి బోండాలవాడు కత్తి తీశాడు.

కిషోర్‌బాబు నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. ఒక పొలం, రెండు గేదెలు, దూరంగా ఇటుకల బట్టీ.

"ఇదేనా అన్నయ్యా గాజువాక?" అన్నాడు చాలా మర్యాదగా. "నేను చదివే రోజుల్లో ఇలా లేదే. బాగా మారిపోయింది."

వెంకటరత్నం అతని మొహంలోకి చూశాడు. అది వెటకారం కాదు. కిషోర్‌బాబు కళ్ళలో నిజంగా అమాయకత్వం ఉంది.

"మా అమ్మేదండీ?" అంది నాగశ్రీ.

అందరూ అతని వెనక చూశారు. అతని వెనక గేదెలు తప్ప ఎవరూ లేరు.

"అత్తయ్య... కొత్తరోడ్డులో దిగిపోయిందట."

"దిగిపోయిందటేంటి? మీరెక్కడున్నారు?"

"నేనా... చెయ్యి ఊపా."

నాగశ్రీ నెత్తి కొట్టుకుంది. "ఊరు తెలుసా, మనుషులు తెలుసా మా అమ్మకి? చేతిలో ఫోను కూడా లేదు. అయ్యో! ఉంగరాలు కూడా అమ్మ దగ్గరే గదా!" అంటూ రోడ్డు పక్క రాయి మీద కూలబడింది. వెంకటరత్నం వచ్చిన దారి వైపు చూశాడు. ఇంతసేపూ తన పరువు గురించి ఆలోచించాడు గానీ, ముందు సీట్లో కూర్చున్న ముసలావిడ గురించి ఒక్కసారైనా ఆలోచించాడా? ఇరవై లక్షల జనం ఉన్న ఊళ్ళో, ఆ బస్సుల సముద్రంలో, ఆవిడ ఎటు కొట్టుకుపోయిందో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచి కూడా అతనికి ఎదురుగా కిషోర్‌బాబే కనపడ్డాడు.

"ఇదంతా నీ వల్లే!" అని అరిచాడు. "తప్పు బస్సని నాకు ఎప్పుడో తెలిసింది. నువ్వు దాటిపోతే దిగుదామని కూర్చున్నా. ఎందుకు వచ్చావ్ నా వెనక? విశాఖపట్నం నీకు కొట్టినపిండేగా!"

కిషోర్‌బాబు నేల చూపులు చూశాడు.

"నేను చెప్తా బావగారూ," అంది గీతాంజలి. "కొత్తరోడ్డులో గాజువాక అని ఇంతంత అక్షరాలతో బోర్డుంది, బాణం అటు చూపిస్తోంది. ఇదుగో ఏవండీ అంటే, అది లారీల దారి, అన్నయ్య పోతుంది దగ్గర దారి అన్నారు. నోర్మూసుకుని కూర్చున్నా."

"బోర్డు నేను కూడా చూశానండీ," అన్నాడు నాగూర్ బాషా వ్యాను దగ్గర్నుంచి. "అటూ ఇటూ చూడొద్దన్నారని చూడనట్టు ఊరుకున్నా."

"మరి రెండేళ్ళు చదివావుగా!" అన్నాడు వెంకటరత్నం.

కిషోర్‌బాబు గొంతు బాగా తగ్గించాడు. "రెండేళ్ళేం లేదన్నయ్యా. కోచింగు హాస్టల్లో చేరా. గేటు దాటనిచ్చేవాళ్ళు కాదు. నెల తిరక్కుండానే పచ్చకామెర్లొచ్చి మా నాన్న తీసుకుపోయాడు. నాకు తెలిసిన విశాఖపట్నం ఆ గేటు లోపలిదే."

"పెళ్ళిచూపుల్లో కూడా రెండేళ్ళనే చెప్పారుగా!" అంది గీతాంజలి.

"మ్యాపు పెట్టుకోవచ్చుగా మరి?" అన్నాడు వెంకటరత్నం.

"అందరి ముందూ అక్కర్లేదన్నాగా. పైగా అత్తయ్య నా కారు కాదని మీతో బస్సెక్కింది. అన్నయ్య ఒక్కమాట కూడా ఎవర్నీ అడక్కుండా బస్సెక్కేశాడంటే ఎంత తెలిసుండాలీ అని కడుపు రగిలిపోయింది. సరే, తెలిసినాయన వెనకే పోదామని..."

వెంకటరత్నం అతని దగ్గరికి ఒక అడుగు వేశాడు. తన మీద ఒకడు కుళ్ళుకున్నాడు! అదీ కారున్నవాడు, మేడున్నవాడు! ఏ పండగకీ కలగనంత చల్లదనం గుండెల్లో కలిగింది. వెంటనే అత్తగారు గుర్తొచ్చి ఆ చల్లదనం ఆవిరైపోయింది.

అప్పుడు పెళ్ళికొడుకు ఫోను మోగింది. అవతల పైడిరాజు.

"అల్లుడుగారూ, ఎక్కడి దాకా వచ్చినారు?"

సతీష్‌బాబు గేదెల వంక చూశాడు. "వచ్చేస్తున్నామండీ. ఒక చిన్న సంగతి... మా అమ్మ..."

"అమ్మగారా? వచ్చేసినారు గదా! టిఫిన్ కూడా అయిపోనాది. ఉండండి, ఇస్తాను."

"ఏరా సతీషూ!" ఆదెమ్మ గొంతు స్పీకర్లో ఖంగుమంది. "పెళ్ళికూతురి వాళ్ళు ఇందాకట్నుంచి గుమ్మంలో పన్నీరు బుడ్లు పట్టుకుని నిలబడ్డారు. ఎక్కడున్నారు మీరంతా?"

సతీష్‌బాబు బోండాల బండి మీది బోర్డు చదివాడు. "పెందుర్తి దాటామే అమ్మా."

"గాజువాకకి పెందుర్తి మీంచి ఎందుకెళ్ళార్రా?"

ఆ ప్రశ్నకి అక్కడున్న వాళ్ళలో జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ చెప్పలేదు.

"పెద్దల్లుడు గారు అక్కడున్నారా? కొత్తరోడ్డులో దిగి చూస్తే కనపళ్ళేదు. అంత తెలిసిన మనిషి, ముందు బస్సెక్కి పోయుంటారులే అనుకుని నేను వచ్చేశా. సరే, పంతులుగారితో మాట్లాడా. ఇంకో గంటదాకా మంచి ఘడియలే ఉన్నాయంట. త్వరగా రండి."

నాగశ్రీ రాయి మీంచి లేచి కళ్ళు తుడుచుకుంది. సతీష్‌బాబు ఎవరితోనూ మాట్లాడకుండా తన ఫోన్లో మ్యాపు తెరిచి, కారు ముందు సీట్లో కూర్చుని, "ఎక్కండి," అన్నాడు. తన నిశ్చితార్థానికి తనే దారి చూపించుకున్న పెళ్ళికొడుకు వత్సవాయి మండలం మొత్తమ్మీద అతనొక్కడేనేమో. వెంకటరత్నాన్ని కార్లో వెనక సీట్లో, గీతాంజలి పక్కన కూర్చోబెట్టారు. గాజువాక దాకా ఇద్దరల్లుళ్ళూ నోరు మెదపలేదు. ఫోన్లోని ఆడగొంతు మాత్రం "ఎడమవైపు తిరగండి," అంటూ వాళ్ళిద్దరి తరఫునా మాట్లాడింది.

*

మండపంలో ఆదెమ్మ మహారాణిలా కూర్చుని ఉంది. చుట్టూ ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు. కొత్తరోడ్డులో ఆవిడ ముందు నలుగుర్ని అడిగిందట. ఆ నలుగుర్లో ఇద్దరు ఆస్పత్రి నర్సులు. వాళ్ళు ఆవిణ్ణి గాజువాక బస్సెక్కించి, పక్కనే కూర్చుని, మండపం గుమ్మం దాకా వచ్చి దింపారు. వాళ్ళని వట్టి చేతులతో పంపడం బాగుండదని ఆదెమ్మ లోపలికి లాక్కొచ్చి ఉప్మా పెట్టించింది. మగపెళ్ళివారి తరఫున మొట్టమొదట భోంచేసింది వాళ్ళే.

"మీ అత్తగారికి విశాపట్నం అంతా తెలుసునటండీ!" అన్నాడు పైడిరాజు అల్లుళ్ళిద్దరి చేతులూ పట్టుకుని. "మా ఆడోళ్ళు ఇక్కడే పుట్టి కూడా రెండు బస్సులు మారి ఎక్కడికీ ఎల్లలేరు. అదృష్టవంతులండీ మీరు."

అవునన్నట్టు వెంకటరత్నం నవ్వాడు. కిషోర్‌బాబు కూడా నవ్వాడు. ఉంగరాలు మార్చుకోవడం సజావుగా జరిగింది. ఫొటోల్లో అందరూ ఆదెమ్మ పక్కన నిలబడాలని ఎగబడ్డారు. ఆ తోపులాటలో అల్లుళ్ళిద్దరూ జరిగి జరిగి ఫొటో చివరికి పోయారు. వెంకటరత్నానిది ఒక చెవి, కిషోర్‌బాబుది ఒక భుజం పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే లాడ్జి ముందు ఆటో ఆగింది. వియ్యపురాలు దిగింది. ఆదెమ్మ అప్పటికే తల దువ్వుకుని, ఆధార్ కార్డు పైకి తీసి వేసుకుని తయారుగా ఉంది. ఇద్దరూ కలిసి బస్సులో సింహాచలం వెళ్ళి దర్శనం చేసుకుని, అట్నుంచి అటే భీమిలి వెళ్ళి సముద్రం చూసి వస్తారట. దారి ఎవరు చూపిస్తారని గీతాంజలి అడిగితే, వియ్యపురాలు ఆదెమ్మ వైపు వేలు చూపించింది.

వెంకటరత్నం, కిషోర్‌బాబు ఇద్దరూ ఒకేసారి ముందుకొచ్చారు.

"మేం కూడా వస్తాం అత్తయ్యగారూ. తోడుగా ఉంటాం."

ఆదెమ్మ ఇద్దర్నీ ప్రేమగా చూసింది.

"వద్దులే నాయనా. దేవుణ్ణి చూసుకుంటానా, మిమ్మల్ని చూసుకుంటానా?"

వ్యాను దగ్గర బాషా తల తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. వియ్యపురాళ్ళిద్దరూ కబుర్లు చెప్పుకుంటూ కాంప్లెక్స్ వైపు నడిచిపోయారు. పేట అల్లుడూ నందిగామ అల్లుడూ సందు చివర పక్కపక్కనే నిలబడి, ఆదెమ్మ ఒక్కరినీ అడక్కుండానే బస్సెక్కడం చూశారు.

ఇన్నేళ్ళ బంధుత్వంలో వాళ్ళిద్దరూ కలిసి ఒకే మనిషి మీద కుళ్ళుకోవడం అదే మొదలు.